ఇసుక కింది ముచికుంద

మూసీని మా అమ్మ ఆ పేరుతో ఏనాడూ పిలువలేదు. ఆమెకది ముచికుంద. అనంతగిరి కొండలలో పుట్టి పట్నం నడుమ నుండి సాగిపోయే ఆ నదిలో మునిగితే తప్ప ఆమెకు కార్తీకమాసం ఆరంభమైనట్లు కాదు. కోడలుగా లాల్‌దర్వాజాకు వచ్చిన నాటి నుండి ఆ నియమం తప్పి ఎరుగదు.

డెబ్బయ్యవ దశకంలో ఒక ఏడు వానలు మొగం చాటేశాయి. వరదలకు వెరచి ఎగువన కట్టిన గండిపేట చెరువు నిండలేదు. అది నిండి తలుపులు ఎత్తితే గాని దిగువకు నీరు రాదు. పురానాపూల్ వంతెన కమానులలో ఒక్కదాని కింద మాత్రం, గట్టును ఒరుసుకుంటూ, వీధుల మురుగు నల్లగా పారుతున్నది.

నేనప్పుడు బడిలో తెలుగు చెప్పే పంతులును. బావినీటిలోనికి నదులను ఆవాహన చేసుకొని స్నానమాడవచ్చునని శాస్త్రప్రమాణంతో విన్నవించాను.

"ఎక్కడనో ఉన్న గంగనైతే పిలువాలె. రిక్షా ఎక్కితే దొరికే నదిని ఇంటికి పిలుసుడేందిరా? మనమే పోవాలె" అన్నది అమ్మ.

పాడ్యమినాటి వేకువనే రిక్షాలో వెళ్లాము. వంతెనకు ఎగువన, మా బట్టలుతికే అతని రేవు ఉన్నది. నీరు చాలనప్పుడు అతడు ఇసుకలో చెలమ తవ్వి, అందులో ఊరిన నీటితో బట్టలు జాడించేవాడు. అమ్మ కోరిక విని నవ్వాడు.

"గీ నీళ్లల్ల మునిగితే ఇంటికి పోయినంక మల్ల తానం చెయ్యాలె అవ్వా."

అయినా పార అందుకున్నాడు. పారేనీటి చెంతనే తవ్వుమన్నది అమ్మ. వాసన కొట్టే నల్లనీరే ఊరింది. గట్టుమీద తవ్వుతానన్నాడతడు. అది బావి అవుతుంది గాని నది కాదని అమ్మ ఒప్పుకోలేదు. ఇక ఇంటికి మరలుదామని నేనంటుండగానే, ఆమె చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టి పొడి ఇసుకలో నడిచి, నదిగర్భం నట్టనడుమ నిలిచింది.

"నేను కొత్తగ వచ్చినప్పుడు ఈడ నడుం దాంక పారేది. పైన పోయేటివి పట్నం నీళ్లు బిడ్డా. నది కిందికి పోయింది. తవ్వు."

మోకాటిలోతు తవ్వగా చెమ్మ తగిలింది. మరికొంత తవ్వగా బురదనీరు. తోడి పారబోశాము. మళ్లీ ఊరింది, మళ్లీ తోడాము. పొద్దు పొడిచింది, బడివేళ దగ్గరపడుతున్నది, చలికి అమ్మ పెదవులు నీలపడ్డాయి. ఇది చాలునని ఇద్దరమూ చెప్పి చూశాము.

"ఇంకోపారి తోడు" అన్నదే గాని కదలలేదు.

చివరకు అడుగున ఇసుకరేణువులు కనిపించేటంత తేటగా నీరు నిలిచింది. మునిగేందుకు చాలదు. అమ్మ గుంతలో చతికిలబడి, చెంబెడు తలపై ఎత్తిపట్టి, సంకల్పం చెప్పుమన్నది. బావిస్నానానికి చెప్పవలసిన నదుల ఆవాహన నా నాలుక చివరనే ఉన్నది. ఆమె కళ్లు నా మీదనే ఉన్నాయి. స్వరమెత్తి ముచికుందానది పేరే పలికాను. ఆ పేరు విన్న తరువాతనే చెంబు వంచింది.

తడిచీరతో లేచి, అతనితో అన్నది: "గుంత పూడ్చకు బిడ్డా. నెలంతా వస్త."

అతడు నావైపు చూశాడు. నేను గట్టెక్కి, రేపు కూడా వేకువనే రమ్మని రిక్షావానికి చెప్పాను.