నలభై ముగ్గురికి ఒకే నంబరు

యేసుమణి అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్ కౌంటర్‌లో పందొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది. రోజూ పంజాగుట్ట నుంచి నడిచే వస్తుంది. దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్లు, దిద్దిన మార్కుల మెమోలు ఎన్ని చూసిందో! ఎవరినీ ఊరికే నమ్మదు.

మొన్న జూన్‌లో బ్యాచ్ తేదీ మారిందని పిల్లలకు చెప్పడానికి కంప్యూటర్ తెరిచి, ఆగిపోయింది. నలభై ముగ్గురి పేర్ల పక్కనా ఒకటే ఫోన్ నంబరు: 2147483647. ఆ నంబరుకు ఫోన్ చేస్తే, అలాంటి నంబరే లేదని వినిపించింది. ఆ వివరాలు ఎక్కించింది విజయేందర్, కొత్త సాఫ్ట్‌వేర్‌తో పాటే చేరినవాడు. అసలు నంబర్లు ఇంకో సెంటర్‌కు అమ్ముకుని ఇక్కడ చెరిపేశాడని ఆమెకు అనుమానం.

మూడు రోజులు అతన్ని కనిపెట్టి చూసింది. ఫోన్ రాగానే అతను మెట్ల మీదికి పోయి మాట్లాడేవాడు. అది చాలనుకుని ఓనర్ రామ్మోహనరావుకు చెప్పింది.

"ఏంటయ్యా ఇది?" అన్నాడాయన.

"నేను సక్కగనే కొట్టిన సార్. ఎట్ల మారిందో నాకు ఎరుక లేదు," అన్నాడు విజయేందర్.

"నలభై ముగ్గురివి వాటంతట అవే మారినయా?" అంది యేసుమణి.

అతను బ్యాగు తీసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు సెంటర్‌లో లెక్కలు చెప్పే రవళి ఆ తెర చూసి నవ్వింది.

"మణక్కా, ముప్పై ఒక్క రెండ్లు గుణించి ఒకటి తీసెయ్యి, గిదే వస్తది. ప్రధాన సంఖ్య. ఒకటితోటి, దాంతోటి తప్ప దేంతోటీ తెగదు."

"అయితే విజయేందర్‌కు గదెందుకు?"

"ఆయనకు కాదు, కంప్యూటర్‌కు. మామూలు అంకెల గడిల ఇంతకన్న పెద్దది పట్టది. మన సెల్ నంబర్లన్నీ దీనికంటె పెద్దవే. పట్టకపోతే గీ సాఫ్ట్‌వేర్ గిదే వేసి ఊకుంటది."

రవళి అతన్ని వెనకేసుకొస్తోందేమో! యేసుమణి కాలిక్యులేటర్ తీసి మూడుతో భాగించింది, ఏడుతో, పదమూడుతో. ప్రతిసారీ శేషం మిగిలింది.

"ఎందాక చెయ్యాలె?"

"నలభై ఆరు వేలు దాటేదాక. రెండొందల యాభై ఏండ్ల కిందనే ఒకాయన కాయితం మీద తేల్చిండక్కా, నీకు ఫికరెందుకు?"

ఇరవై మూడు దగ్గర ఆపేసింది. కొత్త పేరు తెరిచి, తన సొంత నంబరే కొట్టి సేవ్ నొక్కింది. తెర మీద 2147483647.

ఆ సాయంత్రమే పంజాగుట్టలో విజయేందర్ గది తలుపు తట్టింది. తప్పు తనదేనంది. అయినా అడగకుండా ఉండలేకపోయింది.

"మెట్ల మీద ఎవరితోటి మాట్లాడేటోనివి?"

"మా అమ్మతోటి అక్కా. ఆమెకు చెవులు వినపడయి, గట్టిగ ఒర్రాలె. లోపల క్లాసులు నడుస్తుంటయి కద."

ఆ రాత్రే ఆమె ఓనర్‌కు సంగతంతా చెప్పింది.

రామ్మోహనరావు స్వయంగా ఫోన్ చేసి పిలిస్తే అతను సోమవారం వచ్చాడు. సాఫ్ట్‌వేర్‌లో పెద్ద నంబర్లు పట్టేలా ఫోన్ గడి మార్పించారు. పాత దరఖాస్తులు చూసి యేసుమణి చదివింది, అతను కొట్టాడు.

"జర చూసుకో అక్కా," అన్నాడు మొదటి నంబరు అయ్యాక.

"అక్కర్లేదు తమ్మీ," అంది. కానీ కళ్లు తెర మీదికి వెళ్లనే వెళ్లాయి.