వరండాలో బెంచీ

మా కౌన్సెలింగ్ సార్ పోయారని మొన్న మంగళవారం పొద్దున నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఒకప్పుడు ఆ మనిషితో కొట్లాటకు దిగినవాడు మా నాన్నే.

కొత్తగూడలో టిఫిన్ సెంటర్ పైన ఒక్క గది, అదే సార్ ఆఫీసు. కోస్తా నుంచి వచ్చి, ఇక్కడ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఇంజనీరింగ్ సీటు కావాలంటే ఆన్‌లైన్‌లో కాలేజీలూ బ్రాంచీలూ ఒక వరుసలో పెట్టుకోవాలి కదా, ఆ వరుస తేల్చుకోవడానికి పిల్లలు ఆయన దగ్గరికి వచ్చేవారు. పిల్లలు లోపల, తల్లిదండ్రులు వరండాలో బెంచీ మీద. ఇది ఆయన పెట్టిన రూలు. పదిహేడేళ్ల వాళ్లను కూడా "మీరు" అనేవారు. ఆ మర్యాదకే నాకు సగం ధైర్యం వచ్చింది.

నేను వెళ్ళింది ఆ ఆప్షన్లు పెట్టడానికి ఆఖరి రోజు. నాన్న క్యాబ్ నడిపేవాడు. రోజూ ఐటీ వాళ్లను ఆఫీసుల ముందు దించి, గేటు బయటి నుంచే తిరిగి వచ్చేవాడు. కూతురు ఆ గేటు లోపలికి నడవాలని ఆయన ఆశ. కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన లిస్టును ప్రింటు తీయించి తెచ్చాడు. అన్నీ కంప్యూటర్ సీట్లే. సార్ దాన్ని చదవలేదు. వెనక్కి తిప్పి, తెల్లవైపు నా ముందు పెట్టి, పెన్సిల్ ఇచ్చారు.

"బస్సు కోసం నిలబడినప్పుడు దేనికేసి చూస్తుంటారండీ మీరు?"

నన్నెవరూ అలా అడగలేదు. ఫ్లైఓవర్ వైపు, అన్నాను. అంత బరువు ఆ స్తంభాల మీద ఎలా నిలుస్తుందా అని. ఇంకో గంట అవీ ఇవీ అడిగారు. చివరికి మొదటి గీతలో సివిల్ అని రాశాను.

తలుపు దగ్గర నుంచి తొంగి అది చూసి నాన్న లోపలికి దూసుకొచ్చాడు. "కండ్ల ముంగట గిన్ని కంపెనీలు పెట్టుకొని సివిల్ ఏంది సార్? పిల్లకేం ఎరుక? మీరే జర మంచిగ నింపుండ్రి."

సార్ కోపగించుకోలేదు. "ఒకసారి ఓ తండ్రి తొందరపెడితే నేనే నింపానండీ. రెండో ఏడు ఆ అబ్బాయి చదువు మానేశాడు. తప్పు నాదే. అప్పటి నుంచి పిల్లల ఆప్షన్లకు నేను కంప్యూటర్ మౌస్ ముట్టను. నాలుగేళ్లు క్లాసులో కూర్చోవాల్సింది అమ్మాయిగారు. మీ టీ చల్లారిపోతోంది, కాస్త బయట కూర్చోండి."

నాన్న గొణుక్కుంటూ వెళ్ళి కూర్చున్నాడు. ఆఖరి బటన్ నేనే నొక్కాను. నెల రోజులు నాన్న నాతో సరిగ్గా మాట్లాడలేదు.

రెండో ఏడు ఒక పేపరు తప్పి, ఏడుస్తూ సార్ దగ్గరికే పోయాను. ఓదారుస్తారనుకున్నాను. "ఏరికోరి తెచ్చుకున్న పేపరే కదండీ, మళ్ళీ రాయండి" అని నవ్వారు. ఒళ్ళు మండింది. రాశాను, పాసయ్యాను. ఇవాళ వంతెనల డిజైన్లు గీసి బతుకుతున్నాను. ఈ పనంటే నాకు ప్రాణం. ఆ మాట ఆయనకు ఒక్కసారే చెప్పాను, ఇంకో నాలుగుసార్లు చెప్పాల్సింది.

ఆదివారం పాత విద్యార్థులమంతా ఆ గదిలో కలిశాం. నాన్నే క్యాబ్‌లో తీసుకెళ్ళాడు. బల్ల మీద సార్ ఫోటో, పక్కనే పెన్సిళ్ల డబ్బా. వెనక్కి చూస్తే నాన్న లేడు. వరండాలో బెంచీ మీద, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"లోపటికి రా నాన్నా, దండం పెట్టుకుందువు."

"ఈడికెల్లే మొక్కిన బిడ్డా," అన్నాడు తలెత్తకుండా. "లోపటికి పిల్లలే పోవాలె. నేను గీడ్నే కూసుంట."