బుచ్చయ్య తాత ముడేసిన నూలు

మా తాత బుచ్చయ్య మోత్కూర్‌లో యాభై ఏళ్లు మగ్గం నేశాడు. అంచులో ఒక్క పోగు తప్పినా విప్పి మళ్లీ నేసేవాడు. అబద్ధం మాత్రం చేతకాదు. ఆడితే చెవులు ఎర్రబడతాయి. ఇంట్లో బెల్లం ఎక్కడ దాచాడో చిన్నప్పుడు ఆ చెవులను చూసే కనిపెట్టేదాన్ని.

ఒక వేసవిలో నన్ను కల్వకుర్తికి తోడు రమ్మన్నాడు. పోలీస్ యాక్షన్ మరుసటి ఏడాది, మిలిటరీకి భయపడి మావాళ్లు ఊరు విడిచి అక్కడి నేతవాళ్ల పంచన బతికారు. అప్పుడే తాత వాళ్లమ్మ లక్ష్మీనర్సమ్మ చనిపోయింది. మా కులంలో చనిపోయినవాళ్లను కాల్చరు, పూడ్చిపెడతారు. కన్ను మూసేలోగా ఆమె సమాధి మీద పేరున్న రాయి నిలబెట్టాలని తాత కోరిక. అక్కడి నేతవాళ్ల సంఘం పుస్తకంలో ఆమె పేరుంటేనే రాయికి ఒప్పుకుంటారట.

ముందు శ్మశానానికి పోయాం. అన్నీ పేరులేని బండరాళ్లే. తాత ఒక్కొక్కదాని మొదలు తడుముతూ నడిచాడు.

"ఏం దేవులాడుతున్నవ్ తాతా?"

"నూలు. గుర్తుకు రాయి సుట్టు మూడు పేటలు ముడేసిన."

"ముప్పై ఏండ్ల వానలకు నూలుంటదా?"

"గంజి పెట్టిన పడుగు నూలు బిడ్డా."

నూలును అంత నమ్మేది నేతగాడే. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

పుస్తకం సంఘం పెద్ద గురవయ్య ఇంట్లో ఉంది. తాతకు చూపు మసక. ఏడో తరగతి రెండుసార్లు తప్పిన నన్ను చదవడానికి తెచ్చుకున్నాడు పాపం. చనిపోయినవారి పేరు, పూడ్చిన చోటు, మీద కప్పే బట్ట ఎవరిచ్చారు, వాళ్లకు ఏం వరుస అని గళ్లు ఉన్నాయి. ఆ బట్ట కొడుకే తన మగ్గం మీది నుంచి కోసి ఇవ్వాలి.

రెండుసార్లు తిరగేశాను. లక్ష్మీనర్సమ్మ లేదు.

"పేరు లేకుంటే నేనేం జెయ్యాలె బుచ్చన్నా," అన్నాడు గురవయ్య.

"పోదాం పా పిల్లా." తాత లేచాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి.

"బెల్లం ఏడ దాసినవ్ తాతా?" అన్నాను.

ఆయన మళ్లీ కూర్చున్నాడు. "ఆ ఏడు ఆషాఢం జూడు. పేరులేని ముసలమ్మ అని ఉంటది."

ఉంది. 'పేరు తెలియదు. తూర్పు గోడ పక్కన, వేపచెట్టు నుంచి నాలుగోది. బట్ట: బుచ్చయ్య. వరుస: ఏమీ కాదు.' కింద తాత సంతకం.

"మా తమ్ముడు, పర్వతాలు అనేటోడు, కమ్యూనిస్టుల దళంల ఉండె," అన్నాడు తాత, నేల చూస్తూ. "ఆమె పేరు చెప్తే మిలిటరోళ్లు నన్ను పట్టుకపోయి వాని జాడ అడుగుతరని భయం. వచ్చిన కాడ్నుంచి వేరేటోళ్ల లెక్కనే ఉంటిమి. పుస్తకం రాసేటోళ్లు నీకేమైతదని అడిగిండ్రు. ఏం గాదన్న. అందరు ఇంటుండంగనే."

"తర్వాతన్న చెప్పకపోతివి?" అని గురవయ్య అడిగాడు.

"అదే ఏడు తమ్ముడు సచ్చిపోయిండు. గప్పటి సంది భయం లేదు తమ్మీ. సిగ్గుండె."

గురవయ్య పుస్తకం తాత ముందుకు జరిపాడు. "రాసింది కొట్టెయ్యొద్దు. కింద అసలు వరుస రాయ్. నలుగురి ముందట చెప్పు."

మగ్గాల మీది నుంచి నలుగురిని పిలిచాడు. తాత భుజం మీది తువ్వాల తీసి చంకలో పెట్టుకున్నాడు. "ఆమె మా అవ్వ. నేను కొడుకును," అన్నాడు. తర్వాత 'కొడుకు' అని రాశాడు. ఆ అక్షరాలు నావాటికన్నా వంకరగా వచ్చాయి. ఎగతాళి మాత్రం చేయలేకపోయాను.

నెల తిరక్కుండా రాయి నిలబెట్టారు. నిలబెట్టినవాడి పేరు చెక్కనా అని రాళ్లు చెక్కేవాడు అడిగితే తాత వద్దన్నాడు. "ఆమెది సాలు."

అందరూ కదిలాక ఆయన వెనకే ఆగిపోయాడు. తిరిగి చూశాను. రాయి మొదట్లో నూలు చుట్టి ముడేస్తున్నాడు. అబద్ధం లేకున్నా చెవులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.