జెండా వెనక నడిచిన అక్క

మా అక్క నన్ను మరచిపోయేలోపే ఆమెకు యొర్దాను నది చూపించాలని నేను పట్టుబట్టాను. నాకేదో పెద్ద భక్తి ఉండి కాదు. ఆదివారం చర్చికి వెళ్తాను, పాట పాడతాను, ప్రసంగం సాగిందంటే గడియారం చూస్తాను. మా ఇంట్లో భక్తి అంతా అక్కదే. యొర్దాను, బేత్లెహేము, గలిలయ అని ఆమె అంటుంటే హిమాయత్‌నగర్, ఉస్మాన్‌గంజ్ అన్నంత దగ్గరగా వినిపించేవి. "ఒక్కసారి ఆ నీళ్ళల్ల కాళ్ళు పెట్టొస్తె సాలు" అనేది. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ సెలవు దొరకలేదు. సెలవు దొరికేసరికి జ్ఞాపకం పలచబడడం మొదలైంది.

అక్క పెళ్ళి చేసుకోలేదు. అమ్మ పోయేనాటికి నాకు జడ వేసుకోవడం కూడా రాదు. ఆ జడ ఆమె చేతికి వచ్చింది, దాంతోపాటు నేనూ. నన్ను చదివించింది, పెళ్ళి చేసింది, మా ఆయన పోయాక మళ్ళీ నాంపల్లికి తీసుకొచ్చి తన కిరాయి ఇంట్లోనే పెట్టుకుంది. పిల్లలు లేనిదాన్ని. ఈ లోకంలో నన్ను మొదటి నుంచీ ఎరిగిన మనిషి ఆమె ఒక్కతే. ఆమె మరచిపోతే నా చిన్నతనం గురించి అడగడానికి ఇంకెవరూ లేరు. ఇది స్వార్థమే, కాదనను.

అబిడ్స్‌లో ఒక బడిలో ఆమె టీచరు. రోజూ నాంపల్లి నుంచి నడిచే వెళ్ళేది, నడిచే వచ్చేది. దారిలో సగం దుకాణాల వాళ్ళు ఆమె దగ్గర చదివినవాళ్ళో, వాళ్ళ నాన్నలో. నమస్తేలు తీసుకుంటూ ఆమె ఇల్లు చేరేసరికి పొద్దుగూకేది. పంద్రాగస్టుకు జెండా కట్టే పని ఆమెదే. మడతలో పూలరేకులు పెట్టి, తాడు లాగగానే విప్పుకునేలా ముడి వేయడం ఆమెకు తప్ప ఇంకొకరికి రాదని బడంతా నమ్మేది. జెండా ఎగిరాక మడమలు కలిపి, గడ్డం పైకెత్తి, ఈగ వాలినా కదలకుండా నిలబడేది. నేను పక్కనుంచి వెక్కిరిస్తే ఇంటికొచ్చాక తిట్లు పడేవి.

అటువంటి మనిషి ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూసి వస్తూ, పెద్ద పోస్టాఫీసు ముందు ఆగిపోయింది. బస్సులు, ఆటోలు మీదికొస్తున్నాయి. "పా అక్కా" అన్నాను. ఆమె నా చెవి దగ్గరికి వంగి, ఎవరూ వినకూడదన్నట్టు అడిగింది: "ఏమే, నాంపల్లికి ఎటు పోవాలె?"

నేను పకపకా నవ్వాను. ఆమె నవ్వలేదు.

దవాఖానలో డాక్టరు స్కానింగులు చూసి, ముందు కొత్త సంగతులు పోతాయమ్మా, తర్వాత దారులు, ఆ తర్వాత మనుషులు అన్నాడు. దారులు అప్పటికే పోతున్నాయి. మిగిలింది నేనే. మా చర్చి వాళ్ళు హోలీ ల్యాండ్ టూర్ తీసుకెళ్తున్నారని తెలిసి, ఎవరినీ అడక్కుండా ఇద్దరి పేర్లూ ఇచ్చేశాను. అక్కడ మళ్ళీ యుద్ధం రాజుకోక ముందు సంగతి ఇది. ఈ స్థితిలో ఆమెను అంత దూరమా అని చుట్టాలు అన్నారు. తీసుకెళ్ళేది నేను, కాళ్ళు నొచ్చేది నాకు, మీకేం బాధ అన్నాను.

బయల్దేరే ముందు చర్చి హాల్లో మీటింగు పెట్టి అందరికీ తెల్ల టోపీలు పంచారు. ముందువైపు మూడు రంగుల పట్టీ, కింద ఇండియా అని ఇంగ్లీషులో కుట్టు. ఉస్మాన్‌గంజ్‌లో హోల్‌సేల్‌గా తెచ్చారట. మా అయ్యగారు, అంటే పాస్టరు గారు, కర్రకు కట్టిన జెండా ఒకటి ఎత్తి చూపించారు. "గాడ మనకు భాష రాదు, దారి తెల్వదు. అయినా ఫికర్ లేదు. జెండా ఎటు పోతే మీరు అటే. జెండాను మాత్రం ఇడ్వద్దు" అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు. "మనది బయటి దేవుడని ఈడ కొందరు అంటుంటరు గద. ఆ బయటికే పోయి మనది ఏ దేశమో చూపిద్దాం." ఆ మాట వెనకనున్న నొప్పి నాకు తెలియనిది కాదు. కానీ నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

"నా దేశం నా మొహం మీదనే ఉన్నది అయ్యగారూ, మళ్ల టోపీ ఎందుకు?" అన్నాను.

స్త్రీల సమాజం వాళ్ళు కిసుక్కుమన్నారు. అక్క అప్పటికే టోపీ పెట్టేసుకుని ఉంది. నా మోచేయి గిల్లి, "జెండా ఉన్నది దాని మీద, గట్ల మాట్లాడొద్దు" అంది. ఆ రోజు నుంచి ఇంట్లో కూడా తీయలేదు. బూట్లు కొనడానికి అబిడ్స్ వెళ్తే ఆ టోపీతోనే వచ్చింది. దుకాణం సేటు పిల్లలు ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళే. "ఏంది టీచరమ్మా, పంద్రాగస్టు ముందే వచ్చిందా?" అని నవ్వాడు. "దేశం దాటుతున్న సేటూ. మనమెవరో ఆళ్ళకు తెల్వాలె గద" అంది అక్క. ఎంత చక్కగా, ఎంత తెలివిగా అందో. ఆ పూట నాకు డాక్టరు మాటలన్నీ అబద్ధమనిపించాయి.

ఇజ్రాయెల్‌లో విమానం దిగాక, అద్దం వెనక కూర్చున్న అధికారి ఏ దేశమని అడిగితే అక్క మడమలు కలిపి నిలబడి "నాంపల్లి" అంది. నేను వెనకనుంచి ఇండియా అని అరిచాను. అతను మా టోపీల వరస చూసి, నిట్టూర్చి, చెయ్యూపి పంపించేశాడు. బజార్లలో దుకాణాల వాళ్ళు మమ్మల్ని చూడగానే "ఇండియా! నమస్తే!" అని కేకలు పెట్టి, ఎవరో హిందీ హీరో పేరు చెప్పి ఎగిరేవాళ్ళు. ఒకామె నా నుదురు చూపించి బొట్టేదని సైగ చేసింది. మేము బొట్టు పెట్టుకునేవాళ్ళం కాదని చెప్పడానికి నాకు భాషా లేదు, ఓపికా లేదు. అక్క ముందుకొచ్చి తన టోపీ మీది పట్టీ వేలితో చూపించింది. ఆమె ఓహో అన్నట్టు తలూపి, అక్క బుగ్గ నిమిరింది. టోపీల మీద నా కోపం ఆ నిమిషాన కొంచెం దిగింది.

యొర్దాను చూస్తే మా వాళ్ళు కొందరు లోపల లోపల నిరాశపడ్డారు. సన్నని నది, బురద నీళ్ళు, అవతలి గట్టు ఇంకో దేశం. నేను అక్క బూట్లు విప్పి, కుచ్చెళ్ళు ఎత్తి దోపి, చేయి పట్టుకుని మెట్లు దింపాను. మోకాళ్ళ దాకా నీళ్ళు వచ్చాక ఆమె చాలాసేపు అటూ ఇటూ చూసింది.

"మూసీల గిన్ని నీళ్ళు ఎప్పుడొచ్చినయే?" అంది.

చుట్టూ మా వాళ్ళు పాడుతూ ఏడుస్తున్నారు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. "ఇది యొర్దాను అక్కా" అన్నాను. "యొర్దానా" అని వంగి, దోసిలితో నీళ్ళు తీసి మొహం కడుక్కుంది. లేచి, నా చేయి గట్టిగా పట్టుకుని, "చెల్లే, నువ్వే గదనే తీస్కొచ్చినవ్" అంది. నాకు అంతే కావాలి. వేరే ఏ ఆశీర్వాదమూ నాకు అక్కర్లేదనిపించింది.

యెరూషలేము చేరింది ఆదివారం నాడు. ఆదివారం కదా అని ఆడవాళ్ళందరం అలవాటుగా తెల్ల చీరలు కట్టాం, పైన తెల్ల టోపీలు. పాత ఊరి సందులు చార్మినార్ దగ్గరి గాజుల బజారంత ఇరుకు. ముందు అయ్యగారి కర్ర మీద జెండా, వెనక మేము. ఒక మలుపు దగ్గర ఎదురుగా ఇంకో గుంపు వచ్చి మాలో కలిసింది. వాళ్ళవీ తెల్ల చీరలే, తెల్ల టోపీలే, వాళ్ళ ముందూ కర్ర మీద అదే జెండా. గుంటూరు వైపు వాళ్ళట. "వందనాలమ్మా, వందనాలు" అంటూ రెండు గుంపులూ చేతులు కలుపుకుంటుంటే ఆ సందు పెళ్ళివారి విడిదిల్లయింది. ఎవరో ఫోటో తీయమని నా చేతికి ఫోను ఇచ్చారు. తీసి ఇచ్చి తిరిగి చూస్తే అక్క లేదు.

రెండు జెండాలు రెండు సందుల్లోకి వెళ్ళాయి. అక్క జెండా వెనకాలే వెళ్ళింది. అయ్యగారు చెప్పింది తు.చ. తప్పకుండా చేసింది. అది ఏ గుంపు జెండా అని ఆమె ఎందుకు అడుగుతుంది? మనదే కదా.

నేను పరుగెత్తాను. వెనకనుంచి చూస్తే ప్రతి మనిషీ అక్కే. భుజం పట్టి తిప్పితే మా చర్చి ఆమే, ఇంకొకరూ, ఇంకొకరూ. సందు మొదట్లో నిలబడ్డ పోలీసుకు సైగలతో, వచ్చీరాని ఇంగ్లీషుతో చెప్పాను: తెల్ల చీర, తెల్ల టోపీ, ఇండియా జెండా. అతను నిస్సహాయంగా చెయ్యి చాచి మా గుంపునంతా చూపించాడు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు అయ్యగారి మీద పడ్డాను. "మీ జెండా! మీ టోపీలు! గొర్ల మంద చేసిన్రు మమ్మల్ని! మా అక్కకు పేరు గూడ సక్కగ చెప్పరాదు" అని నడిబజార్లో అరిచాను. పాపం, ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వెంటనే ఫోన్లు చేసి, చివరికి ఆ గుంటూరు గుంపు గైడును పట్టుకున్నారు.

వాళ్ళ బస్సు కోట గోడ బయట ఆగి ఉంది. నేను ఎక్కేసరికి అక్క కిటికీ పక్కన కూర్చుని ఎవరో ఇచ్చిన చెక్కలు తింటోంది. పక్కనున్న గుంటూరు ఆవిడ లేచి, "మాతో వచ్చినావిడే అనుకున్నామండీ. ఏ ఊరండీ అంటే నాంపల్లి అన్నారు. మాలోనూ హైదరాబాదు వాళ్ళున్నార్లెండి" అంది. నేను వింటేగా. "అక్కా" అన్నాను, ఊపిరి అందక.

అక్క తలెత్తింది. నా మొహం చూసింది. తర్వాత నా టోపీ చూసింది. ఆ పట్టీ దగ్గర ఆమె కళ్ళు వెలిగాయి.

"మీరు గూడ ఇండియానేనా అమ్మా?" అంది.

మీరు అంది, నన్ను.

"కూసోండ్రి, కూసోండ్రి. మా చెల్లె ఇప్పుడొస్తది. అది వచ్చినంక పోతం" అని కొంచెం జరిగి చోటిచ్చింది. చేతిలో చెక్క విరిచి సగం నాకు పెట్టింది.

నేను కూర్చున్నాను. టోపీ తీసేశాను, మొహం బాగా కనబడితే గుర్తొస్తుందేమోనని. జుట్టు కూడా సరిచేసుకున్నాను. ఆమె నా వైపు చూసి మర్యాదగా నవ్వింది, కొత్తవాళ్ళకు నవ్వే నవ్వు. ఆమె చేతిలో నేను దెబ్బలు తిన్నాను, తిట్లు తిన్నాను. ఆ మర్యాదను మాత్రం భరించలేకపోయాను. జెండాను గుర్తుపట్టింది, నన్ను పట్టలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ గుడ్డముక్క మీద నాకు అసూయ కలిగింది.

మా బస్సు దగ్గరికి పోదాం రమ్మంటే, చెల్లె లేకుండా ఎట్లా వస్తానంది. ఎంత బతిమాలినా కదల్లేదు. చివరికి, "మీ చెల్లెను నేను చూసిన. ఆ బస్సుల మీ కోసమే ఏడ్సుకుంట కూసున్నది" అని చెప్పాల్సి వచ్చింది. అప్పుడు గబగబా లేచి, నా చేయి పట్టుకుని దిగింది. "ఏడుస్తున్నదా? అది అట్లనే, ఊకె ఏడుస్తది" అంటూ నాకంటే ముందు నడిచింది.

మరుసటి రోజు టిఫిను దగ్గర మళ్ళీ "చెల్లే" అంది. మధ్యాహ్నానికి మళ్ళీ లేను. మిగతా యాత్రంతా ఎండాకాలం కరెంటులా వస్తూ పోతూ ఉన్నాను ఆమె తలలో. నాంపల్లి చేరాక ఇల్లు చూసి సంబరపడింది, వంటింట్లో డబ్బాలన్నీ ఎక్కడివక్కడ గుర్తుపట్టింది. నేను లోపల తిరుగుతుంటే మాత్రం ఒక్కోసారి ఆగి, ఎవరన్నట్టు చూసేది.

యాత్ర చేసి వచ్చినవాళ్ళు తర్వాతి ఆదివారం సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పడం మా చర్చిలో ఆనవాయితీ. అక్కను అడగొద్దని అయ్యగారికి ముందే చెప్పాను. ఆ సందులో అరిచినందుకు క్షమించమని కూడా అడిగాను. "నా తల్లి తప్పిపోయినా నేను గట్లనే అరుస్తనమ్మా" అన్నారాయన. ఆయన పిలవలేదు. కానీ అందరి సాక్ష్యాలూ అయ్యాక, అక్క తనంతట తానే లేచి మైకు దగ్గరికి వెళ్ళింది. నేను ఆపబోతే పక్కామె నా చేయి పట్టుకుంది.

"ప్రభువు దయతోని పరిశుద్ధ దేశం పోయొచ్చిన" అని మొదలుపెట్టింది, బడిలో పాఠం చెప్పే గొంతుతో. "అన్నీ యాదికి లేవు, తప్పు వట్టకుండ్రి. ఒక్క సంగతి చెప్పాలె. గాడ మనోళ్ళెవ్వరు లేని కాడ, ఇండియా ఆమె ఒకామె నన్ను జూసుకున్నది. స్నానం వోసింది. మందుబిళ్ళలు యాది చేసింది. నది కాడ చెయ్యి వట్టి దింపింది. కోపం జర ఎక్కువనే, గాని మంచి మనిషి." మైకు ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది. "పేరు అడుగుడు మర్సిపోయిన. ఆమెకు గూడ ఇంటికాడ ఎవరో ఒకరు ఎదురు చూస్తుంటరు గద. ఆమె సల్లగ ఇల్లు చేరాలని జర ప్రార్థన చెయ్యుండ్రి."

నా వైపు చూడకుండా ఉండడానికి అందరూ తలలు వంచుకున్నారు. అయ్యగారు లేచి మైకు అందుకున్నారు. ఆ తర్వాత ప్రార్థన చేశారు, ఆ ఇండియా ఆమె క్షేమంగా తన ఇల్లు చేరాలని, ఇంట్లో ఆమె కోసం చూసేవాళ్ళను కలుసుకోవాలని.

అందరితోపాటు నేనూ ఆమేన్ అన్నాను.