మిషను తొక్కిన కాళ్ళు

మా వదిన చేసిన పాపమల్లా దర్జీల ఇంటికి కాపురానికి రావడం. కూతురు నడక నేర్చిన దగ్గర్నుంచి దానివి దొడ్డికాళ్ళు. తప్పంతా వదిన నెత్తినే పడింది. పిల్లకు పాలు సరిగ్గా పట్టలేదని వచ్చేపోయేవాళ్ళ ముందు అమ్మ దెప్పేది. పాలు పట్టింది, గుడ్లు పెట్టింది, పొద్దున్నే కొట్టు ముందు ఎండలో స్టూలేసి కూర్చోబెట్టింది, ఇంకేం చేయాలి? డాక్టరు రాసిన విటమిన్ చుక్కలు ఒక్కపూట మానలేదు. అయినా కాళ్ళు తిన్నబడలేదు, పిల్ల ఎదగలేదు. బళ్ళో దాన్ని బాతు అని పిలిచేవారు.

ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని ఆ డాక్టరు మొదట్లోనే అడిగాడు. లేదన్నాడు అన్నయ్య. అబద్ధమాడలేదు మహానుభావుడు! ఆయన కాళ్ళూ వంకరే, మనిషీ పొట్టే. కానీ అవి చిన్నప్పటి నుంచి కుట్టుమిషను తొక్కి తొక్కి వంగాయని మా ఇంటిల్లిపాదికీ నమ్మకం. అదే మిషను నాన్న జీవితాంతం తొక్కాడు, ఆయన కాళ్ళు నిటారుగానే ఉండేవి. ఆ సంగతి ఒక్కరి బుర్రకూ తట్టలేదు.

పిల్ల పదో తరగతిలో ఉండగా పెద్దాసుపత్రికి వెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ ముందు చూసింది పిల్లను కాదు, తలుపు తోసుకుని వస్తున్న అన్నయ్య నడకను. ఇద్దరికీ రక్తం, మూత్రం పరీక్షలు చేయించింది. ఎముకకు కావలసిన భాస్వరం ఒంట్లో నిలవకుండా మూత్రంలో పోతోందట. తండ్రి నుంచి వచ్చిన జబ్బట, పాలకూ ఎండకూ లొంగేది కాదట. పసితనంలో సరైన మందు పడితే కాళ్ళు చాలావరకు తిన్నబడేవి. ఇప్పుడు ఎదుగుదల ఆగిపోయింది, ఎముక కోసి సరిచేయాలంది.

ఇంటికి రాగానే అన్నయ్య అమ్మను నిలదీశాడు. అమ్మ కాసేపు నసిగి అసలు సంగతి చెప్పింది. అన్నయ్య కాళ్ళు మిషను ఎక్కకముందే, నడక నేర్చినప్పుడే వంగాయట. రేపు కొడుక్కి పిల్లనెవరిస్తారన్న భయంతో నెపం మిషను మీదికి నెట్టేసిందట. చెప్పగా చెప్పగా అన్నయ్య కూడా నమ్మేశాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. వదిన మాత్రం గొంతు పెంచలేదు.

"నాకు చెప్పకపోతే పోనీ అత్తయ్యా. ఆ రోజు డాక్టరు అడిగినప్పుడు పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది మీరే కదా."

"చెబితే నా కొడుకు పరువేం కాను?" అంది అమ్మ.

పిల్ల వచ్చి నా పక్కన కూర్చుంది.

"అత్తా, రెండు కాళ్ళూ ఒకేసారి కోస్తారా?"