శ్రుతి పెట్టెతో వచ్చి రికార్డరు కొన్న మనిషి

"అమ్మగారూ, మీరు అమ్మేవాళ్ళా, అమ్మనివ్వనివాళ్ళా? ముందది తేల్చండి."

"అమ్మేదాన్నేనయ్యా. కొనేవాడికీ కాస్త బుద్ధుండాలి. మీ వసారా రేకులు గాలికి ఎగిరిపోయి పది రోజులైంది. నీ భార్య ఎండలో వంట చేస్తోంది. నీకిప్పుడు టీవీ రికార్డరు కావాల్సొచ్చిందా?"

"రేకులు ఎప్పుడైనా వేయించుకుంటానండీ. ఆ ప్రోగ్రాం పోతే మళ్ళీ రాదు."

"అంత ముఖ్యమైతే ఆ ఒక్క పూట గుడికి సెలవు పెట్టి ఇంట్లో కూర్చుని చూసుకో!"

"దేవుణ్ణి నిద్ర లేపేవాడే సెలవు పెడితే ఎలాగండీ? ఆయన్నీ ఆ పూట పడుకోమందామా?"



ఇది 2007 ఎండాకాలం సంగతి. వినుకొండ బజారులో మాది రేడియోలు, టీవీలు అమ్మి, బాగుచేసే షాపు. మా ఆయన పోయాక బల్ల దగ్గర నేను కూర్చునేదాన్ని. మరమ్మతులు మా అబ్బాయి కోటేశ్వరరావు చూసేవాడు. నాతో పోట్లాడుతున్న మనిషి మీరావలి గారు, కొండ కింద గుడిలో నాదస్వరం వాయించే విద్వాంసులు. వాళ్ళ తాతా, తండ్రీ కూడా అదే గుడిలో వాయించారు. తెల్లవారుజామున ఐదున్నరకి ఆయన ఊదితేగానీ గర్భగుడి తలుపు తియ్యరు.

సరిగ్గా అదే ఐదున్నరకి ఒక ఛానెల్లో రోజూ సంగీత కచేరీ వచ్చేది. ఆ ఛానెలువాళ్ళు మీరావలి గారి కచేరీ కూడా తీసుకున్నారు. వచ్చే శుక్రవారం వేస్తామనీ, వేసేది ఒక్కసారేననీ, కాపీ ఇవ్వడం కుదరదనీ ఉత్తరం రాశారు.

"పోనీ మా షాపులోనే రికార్డు చేసిపెడతాం. కొనడం ఎందుకు దండగ?" అన్నాను.

"నాదొక్కటే కాదండీ. ఆ వేళకి ఎంతెంతవాళ్ళో వాయిస్తారంట. నేను గుడిలో ఉంటాను, ఒక్కరినీ వినలేదు. ఇక నా సంగతంటారా, ముప్పై ఏళ్ళుగా ఊదుతున్నాను, ఎదురుగా కూర్చుని నన్ను నేను ఎప్పుడూ వినలేదు. పెళ్ళి క్యాసెట్లలో డోలు మోతా, వంటవాళ్ళ కేకలూ తప్ప ఏముంటాయి? ఎక్కడ తప్పుతున్నానో తెలియాలండీ. తెలిస్తే దిద్దుకోడానికి ఇంకా ఊపిరుంది."

పొగడ్త కోసం రికార్డు చేయించుకునేవాళ్ళని చాలామందిని చూశాను. తప్పు వెతుక్కోవడానికి కొంటానన్నవాడు ఈయనొక్కడే. రేకుల మాట మళ్ళీ ఎత్తలేదు.

మర్నాడు ఆయన శ్రుతి పెట్టె చంకలో పెట్టుకుని వచ్చారు. మా అబ్బాయి ముందుగా డిష్‌తో వచ్చే రికార్డరు పెట్టె చూపించాడు.

"ఇది తీసుకోండి బాబాయ్, అన్నీ దీన్లోనే ఉంటాయి."

"వాళ్ళింటికి డిష్ ఉందా ఏరా?" అన్నాను.

"పెట్టించుకుంటారు."

"ఉన్న కేబులు పీకేసి, గొడుగు బిగించుకోమంటావా? పక్కన పెట్టు."

వాళ్ళింట్లో ఉన్నది మామూలు కేబులు. గోడలోంచి ఒక్క తీగ వచ్చి నేరుగా టీవీలోకి పోతుంది. అలాంటి ఇంటికి రికార్డరు కొనేటప్పుడు మొదట చూడాల్సింది దానికి సొంత ట్యూనర్ ఉందా అని. తీగలో కలగలిసి వచ్చే ఛానెళ్ళలోంచి మనకి కావలసినదాన్ని, తాలులోంచి మంచి మిరపకాయ ఏరినట్టు, వేరు చేసేదే ట్యూనర్. అది లేని రికార్డరుకి ఇంకో యంత్రం ఛానెల్ పట్టి అందించాలి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు దానంతటది పని చేసుకోలేదు. ట్యూనర్ ఉన్నవి మా దగ్గర మూడున్నాయి. ఒకటి పాత వీసీఆర్, టేపుది. మిగతా రెండూ టేపు లేకుండా, లోపలి హార్డ్ డిస్క్ అనే పలక మీద రికార్డు చేసేవి.

షాపు టీవీలో ఎవరో పాట పాడుతున్నారు. మీరావలి గారు ఆ పాటకి తన శ్రుతి పెట్టె కలిపి, మూడింటిలోనూ రికార్డు చెయ్యమన్నారు. తర్వాత టీవీకి వీపు పెట్టి కూర్చున్నారు.

"ఏది ముందో ఏది వెనకో చెప్పకుండా పెట్టు నాయనా."

మా వాడు నవ్వుకుంటూ మొదటిది పెట్టాడు. రెండు క్షణాల్లో ఆయన చెయ్యెత్తారు. "ఇది టేపు. శ్రుతి దిగింది, చూడు, పెట్టెతో కలవట్లేదు." రెండోదానికి తల ఊపారు. మూడోదానికి మొహం చిట్లించారు. "శ్రుతి సరిగానే ఉంది గానీ గమకం చివర అరిగిపోతోంది. పాత చెప్పు మడమలాగా."

మా వాడి నవ్వు ఆగిపోయింది. ఆ మూడోదాన్ని వాడు లాంగ్ ప్లేలో పెట్టాడట. లాంగ్ ప్లే అంటే తక్కువ చోటులో ఎక్కువ గంటలు పట్టించడం. అలా కుదిస్తే బొమ్మతో పాటు శబ్దమూ కొంత నలుగుతుంది. నాకు మాత్రం మూడూ ఒకేలా వినిపించాయి. ఇరవై ఏళ్ళు ఆ బల్ల దగ్గర కూర్చుని యంత్రాల గురించి నాకు తెలుసనుకున్నాను. ఆ రోజు నుంచి ఆయన్ని నేను 'నువ్వు' అనలేదు.

"చెవి పరీక్ష మీరు పెట్టారు, ఇక నా పరీక్ష నేను పెట్టుకుంటాను" అని లేచి, రెండు హార్డ్ డిస్క్ రికార్డర్ల ప్లగ్గులూ పీకేశాను. మా ఊళ్ళో ఏ యంత్రానికైనా నేను పెట్టే పరీక్ష అదే. కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో తెలియని ఊరు. అరగంట ఆగి మళ్ళీ పెడితే ఒకదాని గడియారం సున్నాలు చూపిస్తూ మిణుకుమంటోంది. టైం మరిచిపోయిన యంత్రం ఐదున్నరకి ఏం లేస్తుంది? ఇంకోటి సరైన టైమే చూపించింది. అదే ఖాయం చేశాం. ఆ తర్వాత ఎవరు రికార్డరు కోసం వచ్చినా ఎంతలో కావాలని ముందుగా అడగడం మానేశాను. "మీరు ఏ వేళలో ఇంట్లో ఉండరు?" అని అడిగేదాన్ని.

బుధవారం మా అబ్బాయి వాళ్ళింట్లో బిగించి, శుక్రవారం ఐదున్నరకి పద్నాలుగో నంబరు ఛానెల్ రికార్డు చేసేలా టైమరు పెట్టి వచ్చాడు. నంబరు చెప్పింది నేనే.

గురువారం సాయంత్రం దీపం పెట్టి షాపు టీవీలో పద్నాలుగు నొక్కితే ఏదో అరవ వంటల ఛానెల్ వచ్చింది. కేబులు శీనుకి ఛానెళ్ళు జరపడం అలవాటని ఊరందరికీ తెలుసు. తెలిసి కూడా నేను మరిచాను. టైమరుకి ఛానెల్ పేరు తెలియదు, అంకె ఒక్కటే తెలుసు. ఇలాగే వదిలేస్తే పొద్దున్న ఆయనకి మిగిలేది సాంబారు. మీరావలి గారు కనిగిరిలో పెళ్ళికి వెళ్ళారు, తిరిగొచ్చి నేరుగా గుడికే పోతారు. మా వాడు సరుకుకి గుంటూరు వెళ్ళాడు, ఫోను అందలేదు. టైమరులో రాతంతా ఇంగ్లీషు, నా చదువు నాలుగో తరగతి. నొక్కరానిది నొక్కి ఉన్నదీ పోగొట్టడం ఇష్టం లేక, చెప్పులేసుకుని శీను కేబులు గదికి నడిచాను.

"ఒరేయ్ శీనూ, పద్నాలుగు ఏమైందిరా?"

"ముప్పై ఒకటికి మార్చా మామ్మా. దాన్నెవరు చూస్తారు? మీరూ, పూజారిగారూ."

"మళ్ళీ పద్నాలుగులో పెట్టు."

"ఇవాళేగా సర్దాను! సోమవారం చూద్దాంలే."

"సరే. మా డాబా మీద నీ ఆంప్లిఫయర్ ఉందిగా, దానికి కరెంటు మా షాపు బోర్డులోంచే పోతోంది. దాన్నీ సోమవారమే వేస్తాలే."

ఆంప్లిఫయర్ అంటే దూరం పోయేకొద్దీ బలం తగ్గే సిగ్నల్‌ని మళ్ళీ పెంచే పెట్టె. అది ఆగితే మా వీధి నుంచి అవతలి వైపు ఒక్క టీవీ కూడా రాదు.

"మామ్మా! జనం తంతారు నన్ను!"

"తన్నకముందే మార్చు."

గొణుక్కుంటూ తీగలు మార్చాడు. గదిలో ఉన్న చిన్న టీవీలో పద్నాలుగు నొక్కి చూపించేదాకా నేను కదల్లేదు.

"ఇంతకీ ఎవరి కోసం మామ్మా ఈ గొడవంతా?"

"పొద్దున్న దాన్లో మన మీరావలి గారి కచేరీ వస్తుందిరా."

"మీరావలి గారా? నా పెళ్ళికి ఊదింది ఆయనే! ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా, కరెంటు పీకేస్తానని బెదిరించకపోతే!"

నిజమే. చెబితే సరిపోయేచోట బెదిరించాను. ఇరవై ఏళ్ళ బేరాలు నన్ను అలా చేశాయి.

శుక్రవారం ఐదుంబావుకి వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన భార్య హుస్సేన్ బీ టీవీ పెట్టుకుని కూర్చుంది. ఐదున్నరకి రికార్డరులో ఎర్ర దీపం వెలిగింది. తెర మీద పట్టు పంచె కట్టుకుని మీరావలి గారు. అదే నిమిషానికి గుడి వైపు నుంచి ఆయన ఊదడం మొదలైంది. రెండు రాగాలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

"టీవీ శబ్దం తగ్గిస్తే రికార్డు కాదా అమ్మగారూ?"

"అవుతుంది. దానికి మన శబ్దంతో పని లేదు."

ఆమె టీవీ శబ్దం పూర్తిగా తీసేసింది. తెర మీద మనిషిని చూస్తూ, గుడిలోంచి వచ్చేది విన్నాం.

ఏడున్నరకి ఆయన వచ్చారు. కాళ్ళు కడుక్కుని, చాప వేసుకుని, కళ్ళు మూసుకుని అరగంట కచేరీ మొత్తం విన్నారు.

"ఎలా ఉందండీ?" అన్నాను.

"రెండు చోట్ల ఊపిరి తొందరపడింది."

హుస్సేన్ బీ రికార్డరు ఆపబోయింది. "ఉంచు, మళ్ళీ మొదటినించి పెట్టు" అని ఆయన సంచీలోంచి నాదస్వరం తీశారు. నేను షాపు తెరవడానికి వెళ్ళిపోయాను.