అయస్కాంతం దగ్గర సుగుణక్క

మా ఆసుపత్రి క్యాంటీన్‌లో సోమవారాలు సాబుదానా కిచిడీ, అదే సగ్గుబియ్యం కిచిడీ, చేస్తారు. వేయించిన పల్లీల వాసన మెట్లెక్కి రెండో అంతస్తులోని మా గది దాకా వస్తుంది. ఈరోజు ఆ వాసనకు లేచి తలుపు మూసేశాను. ఆ తర్వాత ఈ కాగితాలు ముందేసుకున్నాను. మా గది గోడకు రోగులను అడగవలసిన ప్రశ్నల పట్టిక ఒకటి వేలాడుతోంది. దాని కింద నా పేరు ఉంది. కొత్తగా వచ్చినవాళ్లు చదివి మెచ్చుకుంటారు. అందులో మొదటి ప్రశ్న నాది కాదు. అది ఎవరిదో నేను రాయకపోతే ఇంకెవరూ రాయరు.

అది సుగుణక్కది. కరీంనగర్‌లోని మా ఆసుపత్రికి రాకముందు ఆమె సిరిసిల్లలో మరమగ్గాలకు దారం కండెలు చుట్టేది. చదువు పదో తరగతి దగ్గర ఆగిపోయింది. నేను ఇంటర్ తప్పినవాణ్ని. అయినా జిల్లా గ్రంథాలయంలో నిఘంటువు పక్కన పెట్టుకుని వైద్య పుస్తకాలు చదివినవాణ్నని నాకు గర్వం. మా దగ్గరికి గొట్టం వేయకుండా కడుపు లోపల చూసే యంత్రం వస్తోందని తెలియగానే, దాని గురించి దొరికినదంతా చదివి నోటు పుస్తకం నింపాను. రోగి చిన్న కెమెరా ఉన్న గోళీ మింగుతాడు. కడుపు మడతలు విచ్చుకునేలా నీళ్లు తాగి మంచం మీద పడుకుంటాడు. పైన పెద్ద అయస్కాంతం ఉంటుంది. దాన్ని చేతిపిడితో కదిలిస్తే లోపల గోళీ తిరుగుతుంది, తెర మీద అన్నవాహిక, జఠరం కనిపిస్తాయి. ఇదంతా సుగుణక్కకు చదివి వినిపించింది నేనే. టీ తాగుతూ వినేది. "ఇంకోపారి చెప్పు తమ్మీ" అనేది.

యంత్రం వచ్చాక మా డాక్టరు మాధవి గారు నీళ్లు నింపిన ప్లాస్టిక్ కడుపు మీద మా ఇద్దరి చేత సాధన చేయించారు. నేను పిడి తిప్పితే గోళీ కాసేపు కదలదు, తర్వాత ఒక్క గెంతు గెంతి గోడకు కొట్టుకుంటుంది. సుగుణక్క తిప్పితే నేల మీద చీమలా పాకేది. "గుంజకు తమ్మీ. కండె చుట్టేటప్పుడు గూడ గంతే, దారం తెగేముందే ఏలికి తెలుస్తది. అది వచ్చేదాక ఆగు" అంది. వారం తిరిగేసరికి డాక్టరు గారు ఆ కుర్చీ ఆమెకిచ్చారు. రోగులకు ఫోన్ చేసి జాగ్రత్తలు చెప్పే పని నాకు వచ్చింది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. నా నోటు పుస్తకంలోంచి నేర్చుకున్న మనిషి నా కుర్చీలో కూర్చుంది! అప్పటి నుంచి ఆమె చేతులను చూసేవాణ్ని, ఎప్పుడు తడబడతాయా అని.

ఆదిలాబాద్ నుంచి కమలాబాయి వచ్చింది. జిన్నింగు మిల్లులో పత్తి ఎత్తే మనిషి. కొన్నాళ్లుగా కడుపులో మంట, విరేచనం నల్లగా పోతోంది. గొట్టం వేస్తామంటే రెండు ఆసుపత్రుల నుంచి లేచి వచ్చేసింది. ఈసారి కూడా ఏమీ తేలకపోతే మళ్లీ ఏ ఆసుపత్రి గడపా తొక్కనని ముందే చెప్పింది. రాత్రి నుంచి ఉపవాసం ఉండి రమ్మని నేనే ఫోన్‌లో చెప్పాను. పొద్దున "తిన్నారా అమ్మా?" అని అడిగాను. "లే బేటా, ఉపాస్ ఉన్న" అంది. సుగుణక్క యంత్రం సిద్ధం చేస్తూ "అన్ని అడిగినవా తమ్మీ?" అంది. అడిగానన్నాను.

కమలాబాయి పక్కకు తిరిగి పడుకుని కొంచెం కొంచెంగా నీళ్లు తాగుతూ గోళీ మింగింది. అన్నవాహిక చక్కగా కనిపించింది. గోళీ జఠరంలోకి దిగగానే తెర నిండా తెల్లటి గుండ్రటి పూసలు! సాబుదానా. వాళ్లింట్లో ఉపవాసం రోజు ధాన్యం ముట్టరు, సాబుదానా, పల్లీలు మాత్రం తింటారట. తెల్లవారుజామున బస్సెక్కే ముందు తిని వచ్చింది. తెర చూసి ఆమెకే నవ్వొచ్చింది: "నా కడుపుల గిన్ని ముత్యాలున్నయా? మా ఆయనకు తెలిస్తే ఎన్నడో అమ్ముకుంటుండె!"

నిజం రాస్తున్నాను. నాకు ఆ క్షణం సంతోషమైంది. సుగుణక్క కుర్చీలో ఉండగా పని చెడింది. డాక్టరు గారు వచ్చి "తిండి సంగతి ఎవరు అడిగారు ఈమెను?" అన్నారు. సుగుణక్క నా వైపు చూసింది. నేను తెర వైపు చూశాను.

"నాదే తప్పు మేడం" అంది. "కుర్చీల కూసున్నదాన్ని, నేనొక్కపారి అడగాల్సుండె. జర టైమియ్యుండ్రి."

గోళీ కిందికి జారిపోకుండా అయస్కాంతంతో కడుపు పైభాగంలో పట్టి ఉంచింది. పూసలు పేగులోకి జారిపోవాలని కమలాబాయిని కుడి పక్కకు తిప్పి పడుకోబెట్టింది, మళ్లీ మళ్లీ నీళ్లు తాగించింది. గంటన్నర పిడి మీద నుంచి చేయి తీయలేదు. పూసలు పలచబడ్డాక గోడ వెంట మెల్లగా దింపింది. కింది భాగంలో, పేగులోకి దారి తీసే చోటికి దగ్గరగా పుండు కనిపించింది. నేనైతే తొందరపడి దాన్ని దాటిపోయేవాణ్ని.

సాయంత్రం అడిగాను: "నా పేరు ఎందుకు చెప్పలేదక్కా?"

"చెప్తే ఇంకో నెల మూతి ముడుసుకుంటవ్. గా మూతి పొద్దుమాపు నేనే సూడాలె" అని నవ్వింది. "నువ్వు సదివినయన్ని మంచియే తమ్మీ. గని తిన్నవా అని అడగకు. పొద్దుగాల లేసిన కాంచి నోట్ల ఏమేం ఏసుకున్నవ్ అని అడుగు."

ఆ మాటనే మంచి తెలుగులో పెట్టి పట్టికలో మొదట రాశాను. ఆమె హైదరాబాద్‌లో పెద్ద ఆసుపత్రిలో ఈ పని నేర్పడానికి వెళ్లిపోయే రోజు గోడ దగ్గర నిలబడి చదివింది. కింద నా పేరూ చదివింది. "అచ్చరాలు మంచిగున్నయ్" అంది, అంతే. ఇప్పుడు ఆ కుర్చీలో నేనున్నాను. పని బాగానే చేస్తాను. అయినా అక్కడి నుంచి ఎవరైనా ఫోన్ చేసి "మీ సుగుణమ్మ గారు ఎంత బాగా నేర్పుతారో" అంటే, రోగి వచ్చారని చెప్పి ఫోన్ పెట్టేస్తాను.

మూసే వేళ దాటినా నా కోసం దీపం ఆర్పని గ్రంథాలయం సత్తయ్య గారికి, రెండోసారి నన్ను నమ్మిన మాధవి గారికి, తన కడుపు కథ రాసుకోనిచ్చిన కమలాబాయికి కృతజ్ఞతలు. సుగుణక్కకు కూడా. ఆమె పేరు అందరికంటే ముందు రాయాలనే కూర్చున్నాను. చేయి రాలేదు.